ముక్కులోకి నీళ్ళు పోయాయా అని అడగండి: డాక్టర్లకి, ల్యాబ్‌వాళ్ళకి, ఆరోగ్యశాఖ అధికారులకి ఒక మేనమామ బహిరంగ లేఖ

క్యాజువాలిటీలో డ్యూటీ చేసే డాక్టర్లకి, పిల్లల డాక్టర్లకి, ల్యాబ్‌లో మైక్రోస్కోప్ ముందు కూర్చునేవాళ్ళకి, ఆసుపత్రి మందుల స్టోర్ చూసేవాళ్ళకి, ఆరోగ్యశాఖలో నిర్ణయాలు తీసుకునే పెద్దలకి నమస్కారం.

మీ పని ఎంత కష్టమో ఆ నాలుగు రోజులు ఆసుపత్రి వరండాలో కూర్చుని కళ్ళారా చూశాను, అందుకే ఎవరి మీదా కోపంతో ఇది రాయట్లేదు. కానీ ఇంతకుముందు మూడు ఉత్తరాలు రాశాను. ఒకటి ఆసుపత్రికి, రెండు ఆరోగ్యశాఖకి. ఒకదానికి రసీదు నంబర్ వచ్చింది, ఒకదానికి ఏమీ రాలేదు, మూడోదానికి ఒక్క వాక్యం జవాబు వచ్చింది, "ఇది అత్యంత అరుదైన వ్యాధి కాబట్టి ప్రత్యేక ఏర్పాట్లు ఆచరణ సాధ్యం కాదు" అని. ఆ వాక్యం చదివాకే అందరికీ కనపడేలా రాయాలని అనుకున్నాను.

నేను డాక్టర్ని కాదు. మా అక్క కొడుకు, 11 ఏళ్ళ పిల్లాడు, నెగ్లేరియా ఫౌలెరి అనే అమీబా మెదడుకి ఎక్కి చనిపోయాడు. పేపర్లలో మెదడు తినే అమీబా అని రాస్తారే, అదే. ఆ జబ్బుని డాక్టర్లు పీఏఎం (ప్రైమరీ అమీబిక్ మెనింజోఎన్‌సెఫలైటిస్) అంటారు. వాడు పోయాక నాలుగు నెలలు దీని గురించి దొరికిందల్లా చదివాను, తెలిసిన డాక్టర్ల దగ్గర కూర్చుని అర్థం కానివి అడిగి తెలుసుకున్నాను. అందులో నాకు పూర్తిగా అర్థమైన మాటలే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఏం జరిగిందో చెప్తాను. ఆదివారం ఈతకి వెళ్ళాడు. ఎండలకి మట్టం తగ్గిపోయి వేడెక్కిన చెరువు. శుక్రవారం సాయంత్రం తలనొప్పి అన్నాడు, రాత్రికి జ్వరం. మొహం కడుక్కుని వచ్చి "మామయ్యా, ఈ సబ్బుకి వాసన లేదేంటి" అన్నాడు, నేను జలుబు చేసి ఉంటుందిలే అన్నాను. శనివారం క్లినిక్‌లో వైరల్ జ్వరం అని మాత్రలు ఇచ్చారు, రాత్రంతా వాంతులు, తెల్లవారేసరికి మెడ వంచలేకపోయాడు, లైట్ వేస్తే కళ్ళు మూసుకుని ఏడ్చాడు. ఆదివారం పొద్దున్న ఆసుపత్రికి తీసుకెళ్ళాం, మధ్యాహ్నం వెన్నులోంచి నీరు తీశారు, మెనింజైటిస్ అన్నారు, అంటే మెదడు చుట్టూ ఉండే పొరల వాపు, యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు. అందులో ఎవరి తప్పూ లేదు. సోమవారం రిపోర్ట్‌లో బ్యాక్టీరియా కనపడలేదు అని వచ్చింది, ఆ రాత్రి ఫిట్స్ వచ్చి ఐసీయూకి మార్చారు. మంగళవారం కల్చర్‌లో, అంటే బ్యాక్టీరియాని పెంచి చూసే పరీక్షలో కూడా ఏమీ పెరగలేదు. మంగళవారం సాయంత్రం ఒక పీజీ డాక్టర్, చిన్న వయసు అమ్మాయి, వరండాలోకి వచ్చి "బాబు ఈమధ్య చెరువులో గానీ కాలవలో గానీ ఈత కొట్టాడా అండీ" అని అడిగింది. ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే. మళ్ళీ వెన్నులో నీరు తీసి తనే మైక్రోస్కోప్ కింద పెట్టి చూసింది, కదులుతూ కనిపించాయి. రాత్రికి ఈ అమీబాకి ఇచ్చే ఆంఫోటెరిసిన్ అనే మందు మొదలైంది, ఇంకో మందు మిల్టెఫోసిన్ కావాలన్నారు, అది ఆ ఆసుపత్రిలో లేదు. బుధవారం రాత్రి వాడు పోయాడు. మిల్టెఫోసిన్ స్ట్రిప్ గురువారం పొద్దున్న వచ్చింది. అది ఇప్పటికీ మా అక్క బీరువాలో ఉంది, చింపకుండా.

ముందే తెలిసుంటే వాడు కచ్చితంగా బతికేవాడని నేను అనట్లేదు. అలా అనే హక్కు నాకు లేదు, లెక్కలు కూడా ఒప్పుకోవు. అమెరికాలో 1962 నుంచి 2023 దాకా 164 కేసులు నమోదైతే బతికింది నలుగురే. మనవాళ్ళలో ఎవరికన్నా వస్తే ఆ నలుగురిలో ఉండే అవకాశం వాళ్ళకి దక్కాలి అన్నదే నా బాధ, ఆ అవకాశం గంటల్లో ఉంటుంది తప్ప రోజుల్లో ఉండదు. లక్షణాలు మొదలైన దగ్గర్నుంచి ప్రాణం పోయేదాకా సగటున ఐదు రోజులే, మావాడికీ సరిగ్గా అంతే పట్టింది. ఆ ఐదింట్లో నాలుగు రోజులు వేరే జబ్బు అనుకుంటూ గడిచిపోయాయి.

అరుదు అన్న మాటకి కూడా నా జవాబు చెప్పాలి. అరుదే, ఒప్పుకుంటాను. వేడి నీళ్ళల్లో ఎన్ని లక్షల మంది ఈత కొడతారో, వాళ్ళల్లో ఎంత కొద్దిమందికి వస్తుందో నాకు తెలుసు. కానీ బయటికి ఇది అచ్చం బ్యాక్టీరియా మెనింజైటిస్ లాగే ఉంటుంది, వెన్నునీటిలో తెల్లకణాలు విపరీతంగా ఉంటాయి, గ్లూకోజ్ తక్కువ, ప్రొటీన్ ఎక్కువ, అన్నీ దానిలాగే. చూడాలని అనుకుని చూస్తే తప్ప దొరకదు. ఎంతోమందికి చనిపోయాకే తేలింది, కొందరికి అసలు తేలకుండానే మెనింజైటిస్ అని సర్టిఫికెట్ రాసి పంపేసి ఉంటారని నా అనుమానం. వెతకని చోట లెక్క ఎలా వస్తుంది? ఆ లెక్క చూపించి ఏర్పాట్లు అక్కర్లేదంటే మేము ఎక్కడికి పోవాలి?

ఇక అడగాల్సినవి అడుగుతున్నాను.

1. జ్వరం, తలనొప్పి, వాంతులు, మెడ పట్టేయడం, వీటితో ఎవరొచ్చినా మొదటి కాగితంలోనే ఒక ప్రశ్న ఉండాలి: గత రెండు వారాల్లో ముక్కులోకి నీళ్ళు పోయాయా?

ఈ అమీబా ముక్కులోంచే వస్తుంది. తాగితే రాదు. ముక్కు పైభాగంలో వాసన నరం ఉంటుంది, దాన్ని పట్టుకుని పైన జల్లెడలాంటి ఎముక దాటి మెదడులోకి పోతుంది. నీళ్ళు పోయిన 1 నుంచి 12 రోజుల్లోపు లక్షణాలు మొదలవుతాయి, ఎక్కువగా ఐదో రోజుకి. వాసన నరం మీంచే పోతుంది కాబట్టి కొంతమందికి మొదట్లోనే వాసనలో, రుచిలో తేడా వస్తుంది. మావాడి సబ్బు మాట నాకు ఇప్పుడు అర్థమైంది. ఆరోజు అర్థం కాలేదు, ఎవరూ అడగలేదు కాబట్టి నేను చెప్పనూ లేదు. సబ్బుకి వాసన లేదన్నాడు అని ఎమర్జెన్సీలో డాక్టర్‌కి చెప్పాలని ఏ మేనమామకి తడుతుంది?

ఈ ప్రశ్న అడిగే పద్ధతి కూడా ముఖ్యం, దయచేసి కాస్త ఓపిగ్గా చదవండి. మా అక్కని అడిగి ఉంటే లేదనే చెప్పేది, ఎందుకంటే చెరువు వైపు వెళ్ళొద్దని వాడికి గట్టిగా చెప్పి ఉంచింది, వాడు ఇంట్లో చెప్పకుండా వెళ్ళాడు. ఆ సంగతి మాకు మంగళవారం రాత్రి వాడి స్నేహితుడికి ఫోన్ చేస్తే తెలిసింది. ఆ పిల్లాడు ఏడుస్తూ "నాతో పాటే వచ్చాడు అంకుల్, గట్టు మీంచి దూకాడు, ముక్కులోకి నీళ్ళు పోయి చాలాసేపు దగ్గాడు" అన్నాడు. పిల్లలు భయపడి దాస్తారు. కాబట్టి తల్లిదండ్రుల్ని అడిగి వాళ్ళు లేదన్నారని ఆపేయకండి. పిల్లాడు మాట్లాడగలిగే స్థితిలో ఉంటే అమ్మానాన్నల్ని రెండు నిమిషాలు బయట ఉండమని, ఎవరూ తిట్టరు అని చెప్పి అడగండి. స్పృహ లేకపోతే స్నేహితులకి ఫోన్ చేయించండి. ఇంకోటి, ఈత ఒక్కటే అనుకోకండి. గొట్టంలోంచి నీళ్ళు చిమ్మే ఆటలు, క్లోరిన్ సరిగ్గా లేని స్విమ్మింగ్ పూల్, సైనస్‌కి అని కాచని నీళ్ళతో ముక్కు కడుక్కోవడం, ఇవన్నీ అడగాలి. 2011లో అమెరికాలోని లూసియానాలో ఇద్దరు కుళాయి నీళ్ళతో ముక్కు కడుక్కునే చనిపోయారు, వాళ్ళు ఏ చెరువులోనూ దిగలేదు. 2020లో టెక్సస్‌లోని లేక్ జాక్సన్‌లో ఆరేళ్ళ బాబు పోతే పిల్లలు ఆడుకునే నీళ్ళ ఫౌంటెన్ దగ్గర అమీబా దొరికింది.

2. వెన్నులోంచి తీసిన నీటిని ఫ్రిజ్‌లో పెట్టకండి. తీసిన వెంటనే ఒక చుక్క స్లైడ్ మీద వేసి చూడండి.

ఈ లేఖలో ఒక్క పాయింటే చదివే టైం ఉంటే దీన్నే చదవండి. మావాడి మొదటి శాంపిల్ ఆదివారం మధ్యాహ్నం తీశారు. కొంత కల్చర్‌కి వేశారు, కొంత గ్రామ్ స్టెయిన్‌కి, అంటే రంగు వేసి బ్యాక్టీరియాని చూసే పరీక్షకి వాడారు, మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టారు. మంగళవారం ఆ పీజీ డాక్టర్ ముందు ఆ ట్యూబే తెప్పించి చూసింది, అందులో ఏమీ కదల్లేదు. అందుకే మళ్ళీ నీరు తీయాల్సి వచ్చింది, అదే పిల్లాడికి, అంత బాధలో, రెండోసారి. చల్లదనానికి ఈ అమీబా కదలడం ఆపేస్తుంది, చచ్చిపోతుంది కూడా. కదలకుండా ఉంటే చూడ్డానికి తెల్లకణంలాగే ఉంటుంది కాబట్టి కణాలు లెక్కపెట్టేవాళ్ళు దాన్ని కూడా తెల్లకణాల్లో కలిపేసే ప్రమాదం ఉంది. గ్రామ్ స్టెయిన్‌లో ఇది తెలియదు. కల్చర్‌లో బ్యాక్టీరియా పెరగలేదు అని తెలియడానికి రెండు రోజులు పడుతుంది, ఐదు రోజుల జబ్బులో రెండు రోజులు.

ఆవిడ ఆ రాత్రి నన్ను పిలిచి చూపించింది. ఎందుకు చూపించిందో తెలియదు, నేను అంతగా అడుగుతున్నానని కావచ్చు. రూమ్ టెంపరేచర్‌లోనే ఉంచిన తాజా చుక్క, పైన చిన్న గాజు పలక, లైట్ బాగా తగ్గించింది. మొదట నాకు గుండ్రటి మసక చుక్కలు మాత్రమే కనిపించాయి, అన్నీ ఒకేలా. "ఒక్కదాన్నే చూస్తూ ఉండండి" అంది. చూస్తూ ఉంటే వాటిల్లో ఒకటి ఒక పక్కకి మొండిగా ఉబ్బి, ఆ ఉబ్బినవైపు మొత్తం జారి, మళ్ళీ ఉబ్బింది. పక్కనున్నవి కదల్లేదు, ఇది ఒక్కటే ఫీల్డ్‌లో ఆ చివర నుంచి ఈ చివరకి వచ్చింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. దీనికి కొత్త మెషీన్ అక్కర్లేదు, ఖరీదైన కిట్ అక్కర్లేదు, మూడు రోజుల నుంచి అదే గదిలో అదే మైక్రోస్కోప్ ఉంది. దీన్ని వెట్ మౌంట్ అంటారని అప్పుడే తెలిసింది.

కాబట్టి నా డిమాండ్ ఏంటంటే, వెన్నునీరు మసకగా ఉండి, తెల్లకణాలు ఎక్కువగా ఉండి, గ్రామ్ స్టెయిన్‌లో బ్యాక్టీరియా కనపడకపోతే, నీళ్ళ చరిత్ర ఉన్నా లేకపోయినా వెట్ మౌంట్ చేయడం ల్యాబ్ రూల్ కావాలి. నీళ్ళ చరిత్ర ఉంటే దేనికోసమూ ఆగకుండా మొదటి చుక్కే స్లైడ్ మీదకి పోవాలి. రాత్రి పూట, సెలవు రోజు కూడా. అది చూడగలిగే మనిషి డ్యూటీలో లేకపోతే ఫోన్‌లో వీడియో తీసి తెలిసినవాళ్ళకి పంపే ఏర్పాటు ఉండాలి, కదలిక వీడియోలో కూడా తెలుస్తుంది కదా. ఖాయం చేయడానికి అమీబా జన్యువుని పట్టే పీసీఆర్ పరీక్షకి పంపండి, గీమ్సా స్టెయిన్ అనే ఇంకో రంగు పరీక్ష చేయండి, అవన్నీ కావాలి. కానీ ఆ రిపోర్ట్ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు.

3. గట్టి అనుమానం ఉంటే చికిత్స మొదలుపెట్టండి, పీసీఆర్ రిపోర్ట్ కోసం ఆపకండి.

బ్యాక్టీరియాకి ఇచ్చే మందులు ఆపమని నేను అనట్లేదు, అవీ ఇస్తూ ఇదీ మొదలుపెట్టాలి. అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెప్పే మందుల జాబితా డాక్టర్లకి అందుబాటులోనే ఉంది: ఆంఫోటెరిసిన్ బి సిరలోకి, వెన్నులోకి కూడా, దాంతోపాటు రిఫాంపిసిన్, ఫ్లుకొనజోల్, అజిత్రోమైసిన్, మిల్టెఫోసిన్, వాపు తగ్గడానికి డెక్సామెథాసోన్. ఆంఫోటెరిసిన్‌లో పాత రకం, లైపోసోమల్ రకం అని రెండున్నాయి, కిడ్నీలకి మంచిదని చాలాచోట్ల రెండోదే ఉంచుతున్నారు, కానీ ఈ జబ్బుకి పాత రకమే మేలని సీడీసీ చెప్తోంది. మోతాదుల జోలికి నేను పోను, అది మీ పని.

నాకు అర్థమైన ఇంకో సంగతి, మందు ఒక్కటే చాలదు. ప్రాణం తీసేది చాలావరకు మెదడు వాపు. 2013లో అమెరికాలోని ఆర్కాన్సాలో 12 ఏళ్ళ అమ్మాయి బతికింది. లక్షణాలు మొదలైన సుమారు 30 గంటలకే జబ్బు తేలింది, 36 గంటల్లోపు చికిత్స మొదలైంది, మిల్టెఫోసిన్ ఇచ్చారు, తలలో ప్రెషర్‌ని గంటగంటకీ చూస్తూ శరీరాన్ని మామూలు వేడి కన్నా కిందికి చల్లబరిచి ఉంచారు. ఆ అమ్మాయి పూర్తిగా కోలుకుని మళ్ళీ స్కూల్‌కి వెళ్ళింది. అదే ఏడాది అమెరికాలోనే ఎనిమిదేళ్ళ బాబుకి కూడా మిల్టెఫోసిన్ ఇచ్చారు, బతికాడు కూడా, కానీ జబ్బు తేలేసరికి చాలా రోజులు గడిచిపోయాయి, ఆ చల్లబరచడమూ జరగలేదు, మెదడు శాశ్వతంగా దెబ్బతింది. ఈ ఇద్దరి కథ పక్కపక్కన పెట్టి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనకి మరీ దూరం కాదు, కేరళలో 2024 జూలైలో అమీబా వల్ల మెదడువాపు వచ్చిన 14 ఏళ్ళ అబ్బాయి కోలుకున్నాడు, ఆ ప్రభుత్వం అదే ఏడాది ఇలాంటి అమీబా జబ్బుని గుర్తించడం, చికిత్స, నివారణ మీద మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. చేయాలనుకుంటే అవుతుంది అనడానికి ఇంతకన్నా ఏం చూపించాలి?

4. మందు ఎక్కడుందో ముందే తెలియాలి.

మిల్టెఫోసిన్ కొత్త మందేమీ కాదు, మొదట క్యాన్సర్ కోసం తయారుచేశారు, తర్వాత కాలా అజార్ అనే పరాన్నజీవి జ్వరానికి వాడుతున్నారు, మన దేశంలో 2002 నుంచే దానికి అనుమతి ఉంది. నోటితో వేసుకునే క్యాప్సూల్. ప్రతి ఆసుపత్రిలో పెట్టమని నేను అడగట్లేదు, ఎక్స్‌పైరీ అయిపోతుందని మీరంటారు, నిజమే. కొన్ని కేంద్రాల్లో పెట్టండి, ఏ ఆసుపత్రి నుంచి అడిగినా ఆరు గంటల్లో చేరేలా చూడండి, ఆ స్టోర్ తాళం ఎవరి దగ్గరుంటుందో వాళ్ళ ఫోన్ నంబర్ ప్రతి ఐసీయూ గోడ మీద ఉండాలి. ఆ మంగళవారం రాత్రి డాక్టర్లు ఫోన్లు చేస్తూనే ఉన్నారు, ఒకచోట ఉందని తెలిసింది కానీ స్టోర్ ఇన్‌ఛార్జ్ పొద్దున్నే వస్తారన్నారు, పొద్దున్న వచ్చాక ఇండెంట్ మీద, అంటే మందు కావాలని రాసే కాగితం మీద సంతకం కావాలన్నారు, సంతకం పెట్టాల్సినాయన మీటింగ్‌లో ఉన్నారు. ఇందులో ఏ ఒక్కరూ చెడ్డవాళ్ళు కాదు. మా బావ బుధవారం అంతా ఆ స్టోర్ బయట మెట్ల మీద కూర్చున్నాడు, కొడుకు పక్కన ఉండాల్సిన రోజు. చివరికి కబురు ఫోన్‌లోనే విన్నాడు.

5. ఇంటివాళ్ళకీ చుట్టుపక్కలవాళ్ళకీ ఒక మాట చెప్పండి.

ఇది మనిషి నుంచి మనిషికి అంటదు. శవం నుంచి అంటదు. ఒకే మంచినీళ్ళు తాగినందుకు రాదు. ఈ మూడు ముక్కలు అధికారికంగా ఎవరైనా వచ్చి మైక్‌లో చెప్పి ఉంటే చాలేది. ఎవరూ చెప్పలేదు. ఫోన్లలో మాత్రం ఏవేవో మెసేజ్‌లు తిరిగాయి. మా అక్క చిన్న కూతురు, ఎనిమిదేళ్ళది, నెల రోజులు స్కూల్లో బెంచీ మీద ఒక్కతే కూర్చుంది, పక్కన కూర్చోబెట్టొద్దని పిల్లల తల్లిదండ్రులు చెప్పారట. అన్న పోయిన బాధలో ఉన్న పిల్లకి ఇదొకటి. వాడి స్నేహితుడి ఇంట్లోవాళ్ళు కూడా, అదే చెరువులో దూకిన పిల్లాడు, పన్నెండు రోజులు నిద్ర లేకుండా గడిపారు, వాడికి జ్వరం వస్తే ఎక్కడికి తీసుకెళ్ళాలో, ఏం చెప్పాలో చెప్పిన నాథుడు లేడు.

6. నీళ్ళ బాధ్యత.

ఈ అమీబా వేడి మంచినీళ్ళల్లో పెరుగుతుంది, 46 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, సముద్రం ఉప్పునీళ్ళలో ఉండదు. క్లోరిన్ సరిగ్గా ఉంటే బతకదు. ఇది నేను చెప్పే కొత్త సంగతి కాదు. దీన్ని మొదట గుర్తించిందే ఆస్ట్రేలియాలో, 1965లో అడిలైడ్ నుంచి ఫౌలర్, కార్టర్ అనే ఇద్దరు డాక్టర్లు ప్రకటించారు, ఆ ఫౌలర్ పేరే ఈ అమీబాకి పెట్టారు. అక్కడ నేల మీద మైళ్ళకొద్దీ పరిచిన పైపుల్లో నీళ్ళు ఎండకి కాగిపోతూ ఊళ్ళకి వచ్చేవి, పిల్లలు ఆ నీళ్ళల్లో ఆడి చనిపోయారు. వాళ్ళు పైపుల చివరి దాకా క్లోరిన్ నిలబడేలా చేసి, క్రమం తప్పకుండా టెస్ట్ చేయడం మొదలుపెట్టి దాన్ని అదుపులోకి తెచ్చారు. మనవైపు కూడా పూల్స్‌లో, ట్యాంకుల్లో, కుళాయి లైన్ చివర్లో క్లోరిన్ ఎంతుందో రోజూ రాసి అందరికీ కనపడేలా అతికించాలి. చెరువులో క్లోరిన్ పోయలేం, అక్కడ ఎండలు ముదిరినప్పుడు పిల్లలకి అర్థమయ్యే బోర్డ్ కావాలి, ప్రమాదం అని ఒక్క ముక్క రాసి వదిలేయకుండా ముక్కులోకి నీళ్ళు పోకూడదు అని బొమ్మతో సహా.

7. ప్రతి కేసూ 24 గంటల్లో తెలియజేయడం తప్పనిసరి చేయండి. మెనింజైటిస్‌తో చనిపోయి, కారణం ఏంటో తేలని ప్రతి మరణంలో మిగిలిన శాంపిల్‌ని పీసీఆర్‌కి పంపండి. మావాడు పోయిన 19 రోజులకి చెరువు నీళ్ళు పట్టుకెళ్ళడానికి మనుషులు వచ్చారు. ఆ రిపోర్ట్ ఏంటో మాకు ఇంతవరకు చెప్పలేదు. అది కూడా అడుగుతున్నాను.

ఇది చదివే మామూలు జనానికి, ముఖ్యంగా తల్లిదండ్రులకి కూడా రెండు మాటలు. భయపడి పిల్లల్ని నీళ్ళకి దూరంగా పెంచమని కాదు. ఎండాకాలంలో వేడెక్కిన, నిలిచిపోయిన నీళ్ళల్లో దూకడం, మునగడం వద్దు. దిగితే తల పైకి ఉంచమనండి, ముక్కుకి క్లిప్ పెట్టండి, అడుగున బురద కెలకొద్దని చెప్పండి. ముక్కు కడుక్కునే అలవాటు ఉంటే నీళ్ళు కనీసం ఒక నిమిషం తెర్లనిచ్చి చల్లార్చినవే వాడండి. ఈతకి వెళ్ళొచ్చిన రెండు వారాల్లోపు గట్టి తలనొప్పి, జ్వరం, వాంతులు వస్తే డాక్టర్ అడిగేదాకా ఆగకండి, మీరే చెప్పండి, ముక్కులోకి నీళ్ళు పోయాయి అని. ఇంకొకటి, చెప్పకుండా చెరువుకి వెళ్ళొచ్చాడని తెలిసినా ఆ రెండు వారాలు తిట్టొద్దు, కొట్టొద్దు. భయం లేకపోతేనే నోరు విప్పుతారు.

ఆ పీజీ డాక్టర్ గారికి, పేరు రాయట్లేదు, ఆ రాత్రి మీరు మా అక్క పక్కన నేల మీద కూర్చుని అన్నీ నిజాలే చెప్పారు. మిమ్మల్ని మా ఇంట్లో ఎవరూ మర్చిపోలేదు. మీకు ఆ ప్రశ్న అడగాలని ఎవరు నేర్పారో తెలియదు, అది ఆదివారం పొద్దున్న క్యాజువాలిటీలో ఉన్న డాక్టర్‌కి కూడా నేర్పి ఉండాల్సింది అన్నదే నా గోడు.

అధికారులకి చివరిగా. ఎండలు మొదలవడానికి ఇంకా పది వారాలే ఉంది. ఆలోపు మూడింటికి జవాబు కావాలి, కాగితం మీద, సంతకంతో. ఎమర్జెన్సీ కాగితంలో ఆ ప్రశ్న ఎప్పట్నుంచి చేరుస్తారు? ఏ ఏ ల్యాబుల్లో రాత్రి పూట కూడా వెట్ మౌంట్ చూస్తారు? మిల్టెఫోసిన్ ఎక్కడెక్కడ పెడతారు, రాత్రి రెండు గంటలకి ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారు? మా అక్క బీరువాలో ఉన్న స్ట్రిప్‌కి ఇంకా గడువు తీరలేదు, కావాలంటే మొదటి స్టాక్‌గా దాన్నే తీసుకోండి, నేనే తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
ఒక మేనమామ